కోవిడ్ పేషెంట్ బ్లడ్ రిపోర్టులు చూసేదెలా

ఇంట్లో ఒకరిని కోవిడ్‌తో ఆసుపత్రిలో చేర్చిన మర్నాటికల్లా ఫోన్ నిండా రిపోర్టుల పీడీఎఫ్‌లు వచ్చి పడతాయి. సగం అంకెలు బోల్డ్‌లో, పక్కన పైకి బాణం గుర్తుతో ఉంటాయి. అవి ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్ళీ వెళ్ళగానే "మా తోడికోడలి అన్నయ్యకి సీఆర్‌పీ యాభై ఉంటేనే ఐసీయూలో పెట్టారు, మీకు నూట పది వచ్చిందా!" అంటూ ఫోన్లు మొదలు. సీఆర్‌పీ అంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి మంట, వాపు) ఎంత ఉందో చూపే రక్తపరీక్ష. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఈ మాటలు వినపడని వీధి లేదు. వ్యాక్సిన్లు పడ్డాక, వైరస్ తీరూ మారాక అంత ముదిరి చేరేవాళ్ళు బాగా తగ్గారు. అయినా డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్ళు, డెబ్బై దాటినవాళ్ళు ఇంకా చేరుతూనే ఉన్నారు. వాళ్ళ వెంట ఆసుపత్రిలో ఉండేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

ఒక రోజు వచ్చిన ఒక్క అంకెను పట్టుకుని జబ్బు ఎంత ముదిరిందో ఎవరూ చెప్పలేరు. అది జబ్బులో ఎన్నో రోజుది, అంతకుముందు ఎంత ఉంది, ఈలోగా ఏ మందు పడింది, ఆ పూట ఎన్ని లీటర్ల ఆక్సిజన్ నడుస్తోంది అనే నాలుగు సంగతులు పక్కన ఉంటేనే ఆ అంకె పనికొస్తుంది. మిగతా వివరమంతా దీనికోసమే. మందు మార్చాలా, డోసు పెంచాలా అన్నది మాత్రం డాక్టర్ల పని.

మొదట ఒక తెల్లకాగితం తీసుకోండి

ఫోన్లో కాదు, కాగితం మీదే. ఎడమ పక్క పైనుంచి కిందికి తేదీలు రాయండి. ప్రతి తేదీ పక్కన "జబ్బులో ఎన్నో రోజు" అని వేయండి. లెక్క మొదలయ్యేది పాజిటివ్ వచ్చిన రోజు నుంచి కాదు, ఆసుపత్రిలో చేరిన రోజు నుంచీ కాదు. మొదటిసారి జ్వరమో, గొంతునొప్పో, ఒళ్ళునొప్పులో వచ్చిన రోజు ఒకటో రోజు. మొదటి వేవ్, రెండో వేవ్‌లలో ఊపిరితిత్తులు దెబ్బతిన్న వాళ్ళలో ఎక్కువమందికి వారం దాటే వేళకే ఆయాసం మొదలైంది. కాబట్టి నాలుగో రోజు తీసిన రక్తం బాగుందంటే గండం గడిచినట్టు కాదు. పదమూడో రోజు తీసిన రక్తంలో అవే అంకెలు ఉంటే అర్థం వేరు. ఈ లెక్క ఇంట్లోవాళ్ళకు తెలిసినంత బాగా డ్యూటీ డాక్టర్‌కు తెలియదు. పేషెంట్ ఆయాసంలో తప్పు చెప్పి ఉండొచ్చు. కేస్ షీట్‌లో ఆ తేదీ సరిగ్గా ఉందో లేదో ఒకసారి అడిగి చూడండి.

తర్వాతి గడుల్లో సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఎన్ని లీటర్ల ఆక్సిజన్ మీద ఆ సాచురేషన్ వచ్చింది, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు అన్నవి రాయండి. ఆ తర్వాతే రక్తం అంకెలు. చివరి గడి మందులకు: స్టెరాయిడ్ ఏ తేదీన మొదలైంది, రక్తం పలచబడే ఇంజెక్షన్ ఎన్నిసార్లు ఇస్తున్నారు, టోసిలిజుమాబ్ (ఇన్‌ఫ్లమేషన్‌ను అణచే ఇంజెక్షన్) లాంటిది ఏదైనా ఇచ్చారా.

ఊపిరి గడిని ముందు పెట్టమనడానికి కారణం ఉంది. ఎయిమ్స్, ఐసీఎంఆర్, జాతీయ టాస్క్ ఫోర్స్ కలిసి 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో జబ్బు స్థాయిని విడగొట్టింది రక్తపరీక్షతో కాదు. మామూలు గాలి పీలుస్తున్నప్పుడు సాచురేషన్ 90 నుంచి 93 మధ్య ఉన్నా, ఊపిరి నిమిషానికి 24 సార్లు లేదా అంతకుమించి ఉన్నా మధ్యస్థం. సాచురేషన్ 90 కంటే తగ్గినా, ఊపిరి 30 దాటినా తీవ్రం. సీఆర్‌పీ, డీ-డైమర్ (రక్తం గడ్డకడుతోందా అని చూసే పరీక్ష) వచ్చేది ఆ తర్వాతే, పేషెంట్ ఎటు పోతున్నారో కనిపెట్టి ఉండటానికి. మధ్యస్థంగా ఉన్నవాళ్ళకు ఈ రెండూ 48 నుంచి 72 గంటలకోసారి చేస్తే చాలని అందులోనే ఉంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇన్‌ఫ్లమేషన్ ప్యాకేజీ మొత్తం రాస్తున్నారంటే "ఈ ఫలితం చూసి ఏం మారుస్తారు సార్?" అని మర్యాదగా అడగడంలో తప్పులేదు.

యూనిట్ చూడకుండా అంకె రాయొద్దు

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సీఆర్‌పీని కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. మొదటి ల్యాబులో 85 వచ్చి, ఆసుపత్రి మార్చాక 8.5 వస్తే తగ్గిందని సంబరపడొద్దు, రెండూ ఒకటే.

డీ-డైమర్ ఇంకా తికమక. మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో 1200 అన్నా, మైక్రోగ్రాముల్లో 1.2 అన్నా ఒకటే. అది చాలదన్నట్టు ఎఫ్‌ఈయూ, డీడీయూ అని రెండు కొలతలున్నాయి. ఎఫ్‌ఈయూ అంకె డీడీయూ అంకెకు సుమారు రెట్టింపు ఉంటుంది. అందుకే ఒక ల్యాబు 500 వరకు నార్మల్ అంటే ఇంకొకటి 250 వరకే అంటుంది. రిపోర్టులో నార్మల్ రేంజ్ పక్కన సన్నటి అక్షరాల్లో ఏ కొలతో రాసి ఉంటుంది. రాయకపోతే ల్యాబుకి ఫోన్ చేసి అడగండి. వీలైనంతవరకు అన్ని రోజులూ ఒకే ల్యాబులో చేయించడం అన్నిటికన్నా సుఖం.

సీబీపీ: చవక పరీక్ష, చెప్పేది ఎక్కువ

ఖరీదైన పరీక్షల మధ్య సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టును ఎవరూ సరిగ్గా చూడరు. నేనైతే ముందు అదే తెరుస్తాను. మీకు కావలసింది లింఫోసైట్ల (ఒక రకం తెల్లకణాల) శాతం కాదు, వాటి అసలు సంఖ్య. రిపోర్టులో విడిగా ఇవ్వకపోతే లెక్క సులువే: మొత్తం తెల్లకణాలను లింఫోసైట్ల శాతంతో గుణించి వందతో భాగించండి. తెల్లకణాలు 5,200, లింఫోసైట్లు 14 శాతం అనుకుందాం. 728 వచ్చింది. పెద్దవాళ్ళలో వెయ్యికి తగ్గితే తక్కువ కిందే లెక్క. కోవిడ్ ముదిరినవాళ్ళలో ఈ కణాలు పడిపోవడం వూహాన్ తొలి కేసుల నుంచీ గమనించిందే. కోలుకునేటప్పుడు మెల్లగా పెరుగుతాయి.

ఎన్‌ఎల్‌ఆర్ అనేది న్యూట్రోఫిల్స్ (ఇంకో రకం తెల్లకణాలు) శాతాన్ని లింఫోసైట్ల శాతంతో భాగిస్తే వచ్చేది. స్టెరాయిడ్ పడకముందు ఇది మూడున్నరో నాలుగో దాటితే డాక్టర్లు కాస్త జాగ్రత్తపడతారు. స్టెరాయిడ్ మొదలయ్యాక మాత్రం దీన్ని చూసి బెంబేలెత్తకండి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ తనంతట తానే న్యూట్రోఫిల్స్‌ను పెంచుతుంది, లింఫోసైట్లను తగ్గిస్తుంది. నిన్న తెల్లకణాలు 5,200, ఇవాళ 11,000, న్యూట్రోఫిల్స్ 88, లింఫోసైట్లు 8 అని వస్తే ఎన్‌ఎల్‌ఆర్ 11 అవుతుంది. పేషెంట్ మాత్రం లేచి కూర్చుని ఇడ్లీ తింటూ ఉండొచ్చు. మందుల గడి పెట్టుకోమన్నది ఇందుకే.

ప్లేట్‌లెట్లు కొంచెం తగ్గడం కోవిడ్‌లో మామూలే. ఉన్నట్టుండి లక్షన్నర నుంచి నలభై వేలకు పడిపోతే మాత్రం ముందు శాంపిల్‌నే అనుమానించాలి. ఊదారంగు మూత ట్యూబులో ఉండే ఈడీటీఏ అనే రసాయనం వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి, మెషిన్ వాటిని తక్కువగా లెక్కపెడుతుంది. స్లైడ్ మీద చూస్తే తెలిసిపోతుంది. నిజంగానే తగ్గి ఉంటే, రక్తం పలచబడే హెపారిన్ ఇంజెక్షన్లు నడుస్తున్నాయి కనుక, ఆ సంగతి డాక్టర్‌కు వెంటనే తెలియాలి.

సీఆర్‌పీ: అంకె కన్నా నడక చూడండి

సీఆర్‌పీని తయారుచేసేది కాలేయం. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా పెరుగుతుంది. పిప్పిపన్ను చీముపట్టినా పెరుగుతుంది, కోవిడ్‌కే ప్రత్యేకం కాదు. దీనిలోని సుగుణం వేగం. లోపల మంట ఆగిపోతే రక్తంలో ఉన్న సీఆర్‌పీ సుమారు 19 గంటల్లో సగమవుతుంది. అందుకే ఇవాళ్టి పరిస్థితి చెప్పడంలో మిగతా మార్కర్ల కన్నా ఇదే మెరుగు.

ఉదాహరణకు ఒక పేషెంట్ కాగితం మీద ఇలా ఉందనుకోండి: ఆరో రోజు 38, ఆక్సిజన్ అక్కర్లేదు. ఎనిమిదో రోజు 112, నాలుగు లీటర్లు పెట్టారు, స్టెరాయిడ్ మొదలు. పదో రోజు 64, మూడు లీటర్లు. పన్నెండో రోజు 21, ఒక లీటరు. ఎనిమిదో రోజు రిపోర్టు ఒక్కటే చూస్తే గుండె జారిపోతుంది. నాలుగూ వరసలో పెడితే మందు పట్టిందని అర్థమవుతుంది. ఇంకో పేషెంట్: ఎనిమిదో రోజు 112, పదో రోజు 105, పదకొండో రోజు 160, ఆక్సిజన్ నాలుగు నుంచి పది లీటర్లకు. ఇద్దరికీ ఎనిమిదో రోజు ఒకే అంకె. రెండో పేషెంట్ విషయంలో స్టెరాయిడ్ చాలడం లేదా, లేక కొత్తగా బ్యాక్టీరియా చేరిందా అని డాక్టర్లు వెతుకుతారు.

75 అనే అంకె మీ చెవిన పడి ఉంటుంది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే మందుల ట్రయల్‌లో టోసిలిజుమాబ్ ఇచ్చింది సీఆర్‌పీ లీటరుకు 75 మిల్లీగ్రాములు లేదా అంతకుమించి ఉండి, దాంతోపాటు ఆక్సిజన్ కూడా తగ్గినవాళ్ళకు. ఆ రెండో షరతును జనం మర్చిపోయారు. 2021లో ఈ ఇంజెక్షన్ కోసం బ్లాకులో పరుగులు పెట్టిన కుటుంబాల్లో ఎందరికో ఆ సంగతి చెప్పినవాళ్ళే లేరు. మరొక మెలిక: టోసిలిజుమాబ్ ఇచ్చాక సీఆర్‌పీ ఎలాగూ పడిపోతుంది, ఎందుకంటే అది పెరగడానికి కావలసిన ఐఎల్-6 అనే ఇన్‌ఫ్లమేషన్ సంకేతాన్నే ఆ మందు అడ్డుకుంటుంది. అప్పుడు సీఆర్‌పీ 5 వచ్చినంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ లేదని కాదు. జ్వరం కూడా రాకపోవచ్చు. ఆ మందు తర్వాత ఐఎల్-6 అంకె పెరగడం కూడా మామూలే, దాన్ని చూసి హడలిపోనక్కర్లేదు.

సీఆర్‌పీ పెరిగింది కదా అని ఇంట్లోనే స్టెరాయిడ్ మొదలుపెట్టడం రెండో వేవ్‌లో జరిగిన పెద్ద అనర్థం. అదే రికవరీ ట్రయల్ 2020 జూన్‌లో చెప్పింది ఏమిటంటే, రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలను సుమారు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో సుమారు ఐదో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్ళకు మేలు జరగలేదు.

డీ-డైమర్

రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ కరుగుతున్నప్పుడు బయటపడే ముక్క ఇది. 2020 మార్చిలో వూహాన్‌లోని రెండు ఆసుపత్రుల్లో చేరిన 191 మంది వివరాలతో ఒక అధ్యయనం లాన్సెట్‌లో వచ్చింది. వాళ్ళలో 54 మంది చనిపోయారు. చేరేనాటికి డీ-డైమర్ మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము దాటినవాళ్ళకు ముప్పు చాలా ఎక్కువని అది చూపించింది. ఆ తర్వాత మన ఊరి ల్యాబుల కోవిడ్ ప్యాకేజీల్లో కూడా డీ-డైమర్ వచ్చి కూర్చుంది. అది స్టెరాయిడ్లు రాకముందు, వ్యాక్సిన్లు లేనప్పుడు, ఆసుపత్రిలో చేరినవాళ్ళ లెక్క. ఇంట్లో ఉన్న మామూలు జ్వరం పేషెంట్‌కు దాన్ని అంటగట్టకూడదు.

వయసుతో డీ-డైమర్ పెరుగుతుంది. గర్భిణికి, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళకు, క్యాన్సర్ ఉన్నవాళ్ళకు ముందే ఎక్కువ ఉంటుంది. కోవిడ్ తగ్గాక కూడా వారాల తరబడి దిగకపోవచ్చు. మీరు పట్టించుకోవలసింది రెండే సందర్భాలు. ఒకటి, రెండు మూడు రోజుల్లో అంకె అమాంతం ఎన్నో రెట్లు పెరగడం. రెండు, దాంతోపాటు ఒక కాలు వాయడం, ఛాతీలో నొప్పి, లేదా ఎక్స్‌రే అలాగే ఉన్నా ఆక్సిజన్ ఉన్నట్టుండి పడిపోవడం. అప్పుడు రాత్రి రెండయినా సరే సిస్టర్‌ను పిలవాలి. అంకె పెద్దదైతే ఇంజెక్షన్ డోసు కూడా పెద్దదవ్వాలన్న లెక్క లేదు. ఐసీయూలో ఉన్నవాళ్ళకు హెపారిన్ పూర్తి డోసు ఇచ్చినా అదనపు మేలు లేదని 2021లో వచ్చిన పెద్ద ట్రయల్స్ తేల్చాయి, పైగా రక్తస్రావం భయం ఉంటుంది.

ఫెరిటిన్, ఎల్‌డీహెచ్, ఐఎల్-6

వీటి మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు. ఐరన్‌ను నిల్వచేసే ప్రోటీన్ ఫెరిటిన్ మెల్లగా పెరిగి మెల్లగా దిగుతుంది, కాబట్టి రోజూ చూసి లాభం లేదు. షుగర్, కొవ్వు పట్టిన కాలేయం ఉన్నవాళ్ళకు మామూలు రోజుల్లోనే కాస్త ఎక్కువ ఉంటుంది. ఐరన్ లోపం ఉన్న ఆడవాళ్ళకు జబ్బు ముదిరినా అంకె పెద్దగా కనిపించకపోవచ్చు. ఐఎల్-6 ఖరీదు ఎక్కువ, పూటపూటకూ మారుతుంది. పరిస్థితి దిగజారుతుంటేనే, అదీ దొరికితేనే చేయమని మన మార్గదర్శకాలు చెప్పాయి.

ఎల్‌డీహెచ్ (కణాల్లో ఉండే ఎంజైమ్) ఊపిరితిత్తుల కణాలు దెబ్బతింటే పెరుగుతుంది, మంచి సూచికే. కానీ రక్తం తీసేటప్పుడు సూది సరిగ్గా పడక సిరంజితో గట్టిగా లాగినా, ట్యూబును దడదడా ఊపినా ఎర్రకణాలు చితికి, వాటిలోని ఎల్‌డీహెచ్, పొటాషియం బయటికొచ్చేస్తాయి. సీరం తేటగా పసుపుపచ్చగా ఉండాల్సింది రోజ్‌మిల్క్ రంగులో ఉంటుంది. రిపోర్టు అడుగున "హీమోలైజ్డ్" అని ఉంటే ఆ రెండు అంకెలనూ కాగితం మీద ఎక్కించకండి, మళ్ళీ తీయమనండి. అలాగే డీ-డైమర్, పీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) పరీక్షలకు వాడే లేత నీలం మూత ట్యూబు గీత వరకు నిండాలి. సగమే నింపి పంపితే ఫలితం నమ్మడానికి లేదు.

కిడ్నీ, షుగర్, ఇంకో ఇన్‌ఫెక్షన్

అందరి కళ్ళూ సీఆర్‌పీ మీద ఉండగా చాటుగా పెరిగేది కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్. చేరినప్పుడు 0.9 ఉన్నది 1.4 అయితే రిపోర్టులో బాణం చిన్నదే, ఆ పేషెంట్‌కు మాత్రం పెద్ద మార్పు. పాత రిపోర్టు ఇంట్లో ఎక్కడున్నా వెతికి తీసుకురండి, ముందు ఎంత ఉండేదో తెలియకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. మూత్రం ఎంత వస్తోందో కూడా రాసుకోండి.

బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌ను సూచించే ప్రోకాల్సిటోనిన్ కోవిడ్ మొదట్లో సాధారణంగా తక్కువే ఉంటుంది. రెండో వారంలో అది పెరగడం, దాంతోపాటు జ్వరం మళ్ళీ రావడం బ్యాక్టీరియా చేరిందేమోనన్న అనుమానానికి తావిస్తుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో ఇది ఊరికే కూడా పెరుగుతుంది. స్టెరాయిడ్ నడుస్తున్నన్ని రోజులూ షుగర్ రోజుకు చాలాసార్లు చూడాలి, అంతకుముందు షుగర్ లేనివాళ్ళకు కూడా. 2021 మేలో బ్లాక్ ఫంగస్ కేసులు పెరిగి తెలంగాణ ప్రభుత్వం దాన్ని నోటిఫై చేయాల్సిన వ్యాధిగా ప్రకటించినప్పుడు, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి వచ్చినవాళ్ళ వెనక అదుపు తప్పిన షుగర్, స్టెరాయిడ్ల కథే ఎక్కువ.

అన్నీ కలిపి చూస్తే

బ్రిటన్ డాక్టర్లు 2020లో చనిపోయే ముప్పును అంచనా వేయడానికి 4సీ అనే ఒక స్కోరు తయారుచేశారు. మొత్తం 21 మార్కులు. ఆసుపత్రిలో చేరిన రోజు లెక్క ఇది. వయసుకు గరిష్ఠంగా 7, మగవాళ్ళయితే 1, పాత జబ్బులకు 2 దాకా, ఊపిరి వేగానికి 2 దాకా, సాచురేషన్ 92 కంటే తక్కువైతే 2, స్పృహలో తేడా ఉంటే 2, యూరియాకు 3 దాకా, సీఆర్‌పీకి 2 దాకా. రక్తపరీక్షలు రెండూ కలిపినా 5 మార్కులే. సీఆర్‌పీ 100 ఉన్నా 300 ఉన్నా 2 మార్కులే. ఫెరిటిన్, డీ-డైమర్, ఐఎల్-6 అసలు లేవు.

62 ఏళ్ళాయన, షుగర్ ఉంది, ఊపిరి 26, సాచురేషన్ 90, మాట స్పష్టంగా ఉంది, యూరియా డెసీలీటరుకు 48 మిల్లీగ్రాములు, సీఆర్‌పీ 110 అనుకుందాం. వయసుకు 4, మగాయన కాబట్టి 1, షుగర్‌కు 1, ఊపిరికి 1, సాచురేషన్‌కు 2, యూరియాకు 1, సీఆర్‌పీకి 2. మొత్తం 12. తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా ఎక్కువ ముప్పు గుంపు. అవే రిపోర్టులు 40 ఏళ్ళ మనిషివైతే 8, ఒక మెట్టు కిందికి. తోడికోడలి అన్నయ్య సీఆర్‌పీతో మన సీఆర్‌పీని పోల్చడం ఎందుకు కుదరదో ఈ రెండు మొత్తాలే చెబుతాయి. ఈ స్కోరును మంచం పక్కన కూర్చుని లెక్కపెట్టి పేషెంట్‌కు వినిపించకండి. అది తొలి వేవ్‌లో, వ్యాక్సిన్లు లేని రోజుల్లో పుట్టింది, గుంపుల మీద లెక్క.

రౌండ్స్‌లో అడగాల్సినవి

డాక్టర్ మీ దగ్గర నిలబడేది రెండు మూడు నిమిషాలే. "రిపోర్టులు ఎలా ఉన్నాయి సార్?" అంటే "పర్లేదమ్మా" అని వస్తుంది. దానికి బదులు కాగితం చేతికిచ్చి "నిన్నటికీ ఇవాళ్టికీ ఆక్సిజన్ రెండు లీటర్లు పెరిగింది, సీఆర్‌పీ తగ్గింది, ఎందుకు సార్?" అనండి. సీఆర్‌పీ తగ్గుతూ ఆక్సిజన్ అవసరం పెరగడం నిజంగా ఆలోచించాల్సిన విషయం. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉండొచ్చు, గాలి బయటికి లీకై ఉండొచ్చు, నీరు చేరి ఉండొచ్చు. దీనికి రివర్స్ కూడా ఉంది: సీఆర్‌పీ ఇంకా 40 దగ్గర ఉన్నా ఆక్సిజన్ తీసేసి, నడిచి బాత్రూమ్‌కు వెళ్ళొచ్చాక సాచురేషన్ 95 ఉంటే డాక్టర్ ఇంటికి పంపిస్తానంటారు. అంకె నార్మల్ అయ్యేదాకా ఉంచమని పట్టుబట్టకండి.

ఇంటికి వెళ్ళేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీలో ఆఖరి క్రియాటినిన్, హీమోగ్లోబిన్, షుగర్ రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. స్టెరాయిడ్ ఏ రోజు ఆపాలో, రక్తం పలచబడే మందు రాసి ఉంటే ఎన్నాళ్ళు వాడాలో అంకెల్లో రాయించుకోండి. ఆ మందు ఆపడానికి డీ-డైమర్ నార్మల్ కావాలని ఎదురుచూడొద్దు, గడువు డాక్టరే చెబుతారు. ఇంటికొచ్చాక పరగడుపున, భోజనమైన రెండు గంటలకు షుగర్ చూస్తూ ఉండండి. ముఖం ఒక పక్క నొప్పి, కన్ను వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం కనిపిస్తే రివ్యూ తేదీ దాకా ఆగకుండా అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఈ కాగితం వెంట పెట్టుకుని.